టేకు అక్షరాలు, సెల్ఫీ గోడ

ప్రెస్సు పెద్దాయన పోయారన్న కబురు నాకు ఫోన్‌లో ఒక బొమ్మగా వచ్చింది. అప్పుడు నేను వార్త కోసం పాశమైలారం పారిశ్రామికవాడలో ఒక కంపెనీ గేటు బయట, లోపలికి పంపుతారో లేదో తెలియక నిలబడి ఉన్నాను. వాట్సాప్ గ్రూపులో ఫ్లెక్సీ డిజైన్ ఒకటి పడింది. చేతులు జోడించిన మా వార్డు నాయకుడు అందులో సగం చోటు తీసుకున్నాడు. అతని వెనక అతని నాయకుడు, ఆయన వెనక ఆయన నాయకుడు. కింద మూలన తపాలా బిళ్లంత చోటులో, దండ వేసిన పెద్దాయన ముఖం. 'అశ్రునివాళి' అన్న మాటను ఎవరో కంప్యూటర్‌లో రెండు కొసలూ పట్టుకుని అడ్డంగా లాగారు. అక్షరాలు పొట్టిగా, వెడల్పుగా, బండి ఎక్కి తొక్కినట్టు ఉన్నాయి.

చనిపోయిన మనిషి తన చివరి ఏళ్లన్నీ అక్షరాలు చెక్కుతూ గడిపాడు. ఆయన చావు చెప్పడానికి దొరికిన అక్షరాలు ఇవి. నాకు ముందు దుఃఖం రాలేదు, అసహ్యం వేసింది. దుఃఖం తర్వాత వచ్చింది. ఆ వరస మార్చి రాయలేను.

దహనానికి వచ్చినవాళ్లు తక్కువ. ఫ్లెక్సీలు మాత్రం వీధి మొదట్లో ఒకటి, ఇంటి ముందు ఒకటి, శ్మశానం గేటు దగ్గర ఒకటి కట్టారు. ఇంటి ముందుది పాడెకు అడ్డమొచ్చింది. ఒక పక్క తాడు విప్పి, పాడె దాటాక మళ్లీ లాగి కట్టారు.

ఇది చదివేవాళ్లలో చాలామందికి ఆయన ఎవరో తెలియదు. సంగారెడ్డి పక్క మా పోతిరెడ్డిపల్లిలో తెలిసినవాళ్లకు కూడా పెళ్లి పత్రికలు వేసే ముసలాయనగానే తెలుసు. ఆయనది కృష్ణా జిల్లా వైపు. వయసులో ఉండగా ఇక్కడి ప్రభుత్వరంగ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఫౌండ్రీలో ఏ వస్తువు పోత పోయాలన్నా ముందు దాని నమూనాను చెక్కతో చెయ్యాలి. ఆ నమూనాను ఇసుకలో అదిమి తీసి, ఏర్పడిన గుంతలో కరిగిన ఇనుము పోస్తారు. ఆ చెక్క నమూనాలు చెయ్యడం ఆయన పని. రిటైరయ్యాక, మూతపడుతున్న ఒక ప్రెస్సు నుంచి కాలితో తొక్కే ట్రెడిల్ మిషను, సీసపు అక్షరాలు కొనుక్కొచ్చి ఇంటి కింది షట్టర్‌లో పెట్టారు. పై రెండు గదుల్లో నేను కిరాయికి ఉండేవాణ్ణి. మిషను ఆడుతుంటే నా మంచం దానంతటదే గోడ నుంచి కాస్త కాస్త జరిగేది.

సీసపు అక్షరాలు చిన్నవి. పోస్టరుకు అరచేయంత అక్షరాలు కావాలి. కొందామంటే దొరకలేదు. టేకులో తానే చెక్కడం మొదలుపెట్టారు. మొదటి విడత మొత్తం తప్పొచ్చింది. కరిగిన లోహం చల్లారితే కుంచించుకుపోతుంది కాబట్టి ఫౌండ్రీ నమూనాలను కాస్త పెద్దగా చేస్తారు. ఆ పనికి వాడే స్కేలు మీద అంగుళం మామూలు అంగుళం కంటే పిసరంత పొడుగు. ఆయన చేతికి అలవాటైన స్కేలు అదే. దానితోనే కొలిచి కోశారు. ఒక్క అక్షరం కూడా మిషను చట్రంలో సరిగ్గా కూర్చోలేదు.

"ఏమైంది సార్?" అని అడిగాను.

"ఏం కాలేదయ్యా. ఇవి ఇంకా చల్లారలేదు. చల్లారితే సరిపోతాయి."

"ఎప్పుడు చల్లారుతై?"

"నువ్వు వార్త రాసినట్టు కాదుగా, టైము పడుతుంది."

వాటిని అరగదీయకుండా చట్రాన్నే పెద్దది చేశారు. దానికి తగ్గట్టు పాత సీసపు అక్షరాల పక్కన పాత పెళ్లి పత్రికల ముక్కలు కుక్కేవారు. అందుకే ఆయన వేసిన పోస్టర్లలో పెద్ద అక్షరాలు వరుసలో నుంచి కొంచెం పైకి లేచి ఉంటాయి. మొదట అది పొరపాటు. తర్వాత ఆయన దాన్ని వదులుకోలేదు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్న పని ఒకటుంది. దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

కంపెనీల నీళ్లు కలిసే వాగు పక్క ఊరి నుంచి ఒక రైతు నా దగ్గరికి వచ్చాడు. పొద్దుగూకితే కంపు, పశువులు నీళ్లు ముట్టడం లేదు, ఎన్ని దరఖాస్తులు పెట్టినా ఎవరూ రావడం లేదు. బస్టాండ్లలో అతికించడానికి పోస్టరు కావాలన్నాడు. నేను అతన్ని కిందికి తీసుకెళ్లి, కాగితం మీద 'దారుణ కాలుష్యం, భీషణ దుర్వాసన' అని రాసిచ్చాను. అప్పట్లో నా వార్తలన్నీ అలాగే మొదలయ్యేవి.

"జెర పెద్దగ కొట్టుండ్రి సార్. పెద్దసారు కార్ల కెల్లి చూసినా కనబడాలె," అన్నాడు రైతు.

పెద్దాయన నా కాగితం చదివారు. అరలో చెయ్యి పెట్టి ఒక టేకు అక్షరం తీసి బల్ల మీద పెట్టారు.

"ఈ సైజులో 'ణ' ఒక్కటే చెక్కాను. దారుణం కావాలా, భీషణం కావాలా? ఒకే వరుసలో రెండూ ఇవ్వలేను."

"ఇంకోటి చెక్కరాదుండ్రి," అన్నాడు రైతు.

"చెక్కొచ్చు, నాలుగు రోజులు ఆగాలి. ఈలోపు నువ్వు చెప్పు. కంపు వచ్చినప్పుడు మీ ఇంట్లో ఏం చేస్తారు?"

రైతు నా వైపు చూశాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు. "ఏం జేస్తం సార్? కిటికీ మూస్తం. తలుపు మూస్తం. ముక్కు మూసుకుంటం. గట్లనే ఇంత అన్నం తింటం."

"ఇందులో 'ణ' లేదు," అన్నారు పెద్దాయన.

కిటికీ మూశాం. తలుపు మూశాం. ముక్కు మూశాం. అన్నం తిన్నాం. పోస్టరు మీద అంతే. పెద్ద అక్షరాలు అన్ని వరుసలకూ చాలవు కాబట్టి ఒక వరుస వేసి, ఆరబెట్టి, అవే అక్షరాలు తీసి తుడిచి రెండో వరుస పేర్చేవారు. వరుస వరుసకూ అక్షరాల మధ్య సందు తగ్గిస్తూ పోయారు. మొదటి వరుసలో వేలు పట్టేంత ఎడం ఉంది. చివరి వరుసకు వచ్చేసరికి తాను చెక్కిన అక్షరాల పక్కలు తానే ఆకురాయితో రాకి, ఒకదాన్నొకటి ఒరుసుకునేలా బిగించారు. మొదటి కాగితాన్ని రైతు చేతిలో పెట్టి, "గాలి తీసేశాను," అన్నారు.

రైతు వేలు పెట్టి మెల్లగా చదివాడు. చివరి వరుస దగ్గర ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివాడు. "గిది చదువుతుంటే దమ్ము ఆడుతలేదు సార్."

"ఆడకూడదు."

"మరి మా ఊరి పేరు ఎయ్యలే?"

"కంపు వచ్చిన ఊరోళ్లందరూ మాదే అనుకుంటారులే."

నిజంగానే ఇంకో రెండు ఊళ్లవాళ్లు వచ్చి అదే పోస్టరు అడిగి పట్టుకుపోయారు. దానివల్ల వాగు బాగుపడిందని రాస్తే అబద్ధం. అధికారులు వచ్చి సీసాలో నీళ్లు పట్టుకుపోయారు. వాగు ఇప్పటికీ అలాగే ఉంది. ఆ పోస్టరు తర్వాత నేను మాత్రం 'దారుణ', 'భీషణ' రాయడం తగ్గించాను. ఎవరి ఇంట్లో ఏం మూశారో అడగడం మొదలుపెట్టాను.

ఆయన అలవాట్లు కొన్ని గుర్తున్నాయి. చేతులకు ఎప్పుడూ సిరా ఉండేది కాబట్టి మధ్యాహ్నం పెరుగన్నం చెంచాతో తినేవారు. కొత్త ప్రూఫ్ తీస్తే ముందు తలకిందులుగా పట్టుకునేవారు. "ముందు చూడు, తర్వాత చదువు. చదవడం మొదలెడితే ఇక చూడవు," అనేవారు. వీధిలో ఇంటివాళ్లు ఒడిశా, బీహార్ కార్మికులకు గదులు కిరాయికి ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, తెలుగు, హిందీ, ఒడియా మూడింటిలో 'గది కిరాయికి' బోర్డు చెక్కారు. మూడు లిపుల తలలూ ఒకే గీతకు రావాలని పట్టుబట్టారు. హిందీకి పైన అడ్డగీత, ఒడియాకు గొడుగు, మనకు తలకట్టు. ఆ బోర్డు చూసి ఒక ఒడిశా వెల్డర్ లోపలికొచ్చాడు. గది కోసం కాదట, ఆ అక్షరాలు ఎవరు చేశారో చూద్దామని వచ్చాడట. వాళ్లిద్దరికీ ఉమ్మడి భాష లేదు. చాలాసేపు నిలబడి ఆ గొడుగును వేళ్లతో కొలుచుకున్నారు.

తర్వాత ఫ్లెక్సీ మిషన్లు వచ్చాయి. పెళ్లి పత్రికలు ఫోన్లోకి పోయాయి. ఆయన పని ఆపలేదు. వేయించుకునేవాళ్లు ఆగిపోయారు. నేను సంగారెడ్డి ఊళ్లోకి ఇల్లు మారాను. నా పని కూడా మారింది. ఇప్పుడు వార్త అంటే నాయకుడి మనిషి పంపే ఫొటో, దాని కింద అతనే రాసి పంపే నాలుగు వాక్యాలు. కంపెనీలో ప్రమాదమైతే కంపెనీ పంపే నోట్ ముందొస్తుంది, చచ్చిపోయినవాడి పేరు తర్వాత వస్తుంది, ఒక్కోసారి రాదు. ఇవన్నీ దిద్ది పంపడమే నా పని. ఆ స్థితిలో ఉండగా పెద్దాయన కూతురు ఫోన్ చేసింది. దహనమై వారమైంది, పెద్దకర్మ ఇంకా కాలేదు.

ఆ అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. పాశమైలారంలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పని చేస్తుంది. ఏడుస్తూ మాట్లాడే మనిషి కాదు.

"అన్నా, ఒకసారి షాపుకు రా. నేనొక పని చేసిన. మంచిదో చెడ్డదో చూసి చెప్పు."

వెళ్లాను. షట్టర్ ఎత్తి ఉంది. ట్రెడిల్ మిషను ఉన్నచోటే ఉంది. గోడ పొడుగునా ఉండే టేకు అక్షరాల అరలు ఖాళీ. ఒక్కటి కూడా లేదు.

"ఎవరు తీసుకుపోయిన్రు?"

"నేనే ఇచ్చిన. మొన్న లీడర్ వచ్చిండు. మీ నాన్న పేరు మీద స్మారకం కడ్తం, మ్యూజియం లెక్క పెడ్తం అన్నడు. ఇల్లంత చుట్టాలు. ఎవరు ఏమడిగినా తలూపుతున్న. సరే అన్న. నేను మున్సిపాలిటీకి పోయొచ్చేసరికి ట్రాలీల ఎక్కిచ్చుకుని పోయిన్రు."

"ఎక్కడ పెట్టిన్రు?"

ఫోన్ తీసి నాకు చూపించింది. మెయిన్ రోడ్డు పక్కన నాయకుడి ఫంక్షన్ హాలు. కొత్తగా పెట్టిన సెల్ఫీ పాయింట్.

అది నిజంగా ఏమిటో వెళ్లి చూసొద్దామన్నాను. "పోదాం. ముందు ఇవి చూడు," అని మూలనున్న ట్రంకు పెట్టె తెరిచింది. ఎవరూ వేయించుకోని ఏళ్లలో ఆయన వేసినవన్నీ అందులో ఉన్నాయి. కన్వేయర్ బెల్టు రబ్బరు మీద చెక్కి వేసినవి. డ్రమ్ము మూతలకు సిరా పూసి అద్దినవి. ఒక కాగితం మీద 'సైరన్' అన్న మాట ఒక్కటే, ఎడమ అంచు నుంచి కుడి అంచుకు పెరుగుతూ పోయి, చివరి అక్షరం కాగితం దాటి సగం తెగిపోయింది. ఇంకో దానిలో బోరు లోతు కొలిచినట్టు ఒక్కో అక్షరం కిందికి దిగుతూ ఉంది. అడుగున ఏమీ లేదు, తెల్ల కాగితమే. ఎక్కడా 'అయ్యో' లేదు, ఆశ్చర్యార్థకం లేదు. వాగు పోస్టరు కూడా దొరికింది. ఈసారి ఆయన చెప్పినట్టు తలకిందులుగా పట్టుకుని చూశాను. చదవకపోయినా కింది నుంచి పైకి ఊపిరి బిగుస్తున్నట్టే కనిపించింది.

ఎన్నో ఏళ్లుగా ఇదే నేల మీద, ఇదే కంపు గురించి నేనూ రాశాను. నా కట్టింగులు ఇలా ఒక పెట్టెలో పెడితే ఎవరైనా తీసి చూస్తారా అనిపించింది. అలా అనిపించడం బాధగా లేదు. ఇంటికి వెళ్లి పని చెయ్యాలనిపించింది. అది నాకు చాలా కాలంగా అనిపించలేదు.

"నాకొక్కటే కోరిక ఉన్నదన్నా," అంది ఆ అమ్మాయి. "ఆ అక్షరాలు ఒక్కసారైనా మళ్ల అచ్చు పడాలె. పెద్దకర్మకు వచ్చినోళ్లకు స్టీలు గిన్నె ఇస్తరు చూడు, గట్ల నేను ఆయన కాగితం ఇస్త. నాన్న కాడ నేను నేర్చుకున్నది గదొక్కటే, సిరా పూసి ఒత్తుడు."

మర్నాడు పొద్దున ఇద్దరం ఫంక్షన్ హాలుకు వెళ్లాం. లోపల సాయంత్రం పెళ్లికి కుర్చీలు వేస్తున్నారు. ద్వారం పక్క గోడకు ప్లాస్టిక్ గడ్డి పరిచి, దాని మీద టేకు అక్షరాలు సందు లేకుండా అతికించారు. అన్నింటికీ బంగారు రంగు పెయింటు. ఒక్కో అక్షరం మధ్యలో నుంచి స్క్రూ దిగ్గొట్టారు. కొన్ని తలకిందులుగా ఉన్నాయి. అచ్చు కోసం చెక్కిన అక్షరాలు కాబట్టి గోడ మీద అన్నీ ఎడమవి కుడికి, కుడివి ఎడమకు తిరిగి ఉన్నాయి. పైన లైట్ల తీగతో గుండె ఆకారం. దాని కింద పెద్దాయన పేరు, నాయకుడి పేరు. నాయకుడి పేరే పెద్దది.

నాయకుడు ఎదురొచ్చాడు. "రా అన్నా, రిపోర్టర్ సాబ్! ఎట్లున్నది? హైదరాబాద్ డిజైనర్‌తోని చేపిచ్చిన."

"అక్షరాలు ఉల్టా ఉన్నయి," అన్నాను.

"ఎవరు చదువుతరన్నా? డిజైన్ గదా! ఇంకో ముచ్చట చెప్పాల్నా? సెల్ఫీ కెమెరాల సక్కగ కనబడుతయ్. ఇగో సూడు." ఫోన్ తిప్పి, నన్ను పక్కన లాక్కుని చూపించాడు. అద్దంలోలా చూపించే ఆ తెరలో అతని భుజం వెనక పెద్దాయన 'ణ' సరిగ్గా నిలబడి ఉంది. నేను పక్కకు జరిగాను.

కూతురు సూటిగా అడిగింది. "అన్నా, అవి నాకు తిరిగియ్యాలె."

"అయ్యో చెల్లె, గమ్ము పెట్టి స్క్రూలు కొట్టినం. ఇప్పుడు పీకితే పలుగుతయ్. మీ నాన్న పేరు చూడు ఎట్ల మెరుస్తున్నదో. వచ్చినోళ్లందరు ఫొటోల పెట్టుకుంటరు. ఇంతకన్నా ఏం కావాలె?"

ఆమె గోడ దగ్గరికి వెళ్లి ఒక అక్షరాన్ని గోటితో కదిపి చూసింది. కదల్లేదు. అంచున చిన్న పగులు కనిపించింది. చెయ్యి తీసేసింది. అతను చెప్పింది ఆ ఒక్క విషయంలో నిజం. పీకితే పోతాయి.

బయటికి నడిచింది. నేను ఇంటికి వెళ్దామంటుందనుకున్నాను. "బండి తియ్యి అన్నా, షాపుకు పోదాం," అంది. షాపులో సిరా డబ్బా, చేతి రోలరు, తెల్ల కాగితాల కట్ట తీసుకుంది. తిరిగి ఫంక్షన్ హాలుకే పొమ్మంది.

గోడ ముందు నిలబడి ఒక పలక మీద సిరా పరిచి, రోలరును అందులో తిప్పింది. బంగారు రంగు మీద నల్లటి సిరా మెల్లగా రుద్దింది. ఒక కాగితం తీసి అక్షరాల మీద పరిచి, ఎడమ చేత్తో పట్టుకుని, కుడి అరచేత్తో ఒత్తుతూ పోయింది. మూల పట్టుకుని ఒలిచింది.

అక్షరాలన్నీ ఎడమవి ఎడమకు, కుడివి కుడికి తిరిగి కాగితం మీదికి వచ్చాయి.

కుర్చీలు వేసేవాళ్లు పని ఆపి వచ్చారు. పెళ్లివాళ్ల తరఫున పొద్దున్నే వచ్చిన ఒక పెద్దావిడ ముందుకొచ్చి చూసింది.

"ఏమని ఉన్నది బిడ్డా అండ్ల?"

"ఏం లేదత్తమ్మా. ఒట్టి అక్షరాలే. మా నాన్న చెక్కిండు."

"మంచిగున్నయ్ రా," అందావిడ.

నాయకుడు పరుగెత్తుకొచ్చాడు. "ఏంది చెల్లె ఇది! రాత్రికి పెళ్లున్నది, గోడంత నల్లగ చేస్తవా?" అప్పటికే చుట్టూ ఫోన్లు పైకి లేచాయి. అతనది గమనించాడు. గొంతు మారిపోయింది. "వీడియో తీయరా! లైవ్ పెట్టు! మన హాల్ల లైవ్ ప్రింటింగ్!" అంటూ గోడకూ ఆమెకూ మధ్య వచ్చి, చేతులు జోడించి నిలబడ్డాడు. నాకు ఆ మొదటి రోజు ఫ్లెక్సీలోని ముఖమే మళ్లీ కనిపించింది.

ఆ అమ్మాయి అతని ముఖం వైపు చూడను కూడా లేదు. "జరుగుండ్రి. కాగితం మీద నీడ పడుతున్నది," అంది.

అతను జరిగాడు.

ఆమె ఒక్కో కాగితం ఒలిచి నాకిచ్చేది. ఆరబెట్టడానికి అక్కడ తాడు లేదు. నేను లోపలికి తీసుకెళ్లి, తెల్ల గుడ్డ తొడిగి వెనక ముడి వేసిన పెళ్లి కుర్చీల మీద పరుస్తూ వచ్చాను. మధ్యాహ్నానికి ముందు వరుసలన్నీ నిండాయి. మాట అంటూ ఏదీ లేని నల్లటి అక్షరాల కాగితాలు కుర్చీకొకటి, ఫ్యాను గాలికి అంచులు మాత్రం కదులుతూ, ఖాళీ పెళ్లి పందిరి వైపు తిరిగి ఉన్నాయి. ఒక్కో అక్షరం మధ్యలో స్క్రూ దిగిన చోట సిరా అంటని చిన్న తెల్ల చుక్క.